వాలిన కనుఱెప్ప

నాడు ఆగస్టు మాసపు సోమవారము. మబ్బు పట్టి సన్నని తుంపర పడుచుండెను. తొమ్మిదవ తరగతికి మేము భూగోళము చెప్పుచుంటిమి. మూడవ బల్లమీది బాలుడొకడు తల వెనుకకు వాల్చి, గడ్డము పైకెత్తి, సగము మూసిన కన్నులతో మావంక చూచుచుండెను. వాడు వాగు కావలి గూడెమునుండి దినదినము సైకిలుమీద వచ్చువాడు. రాత్రి నిద్ర చాలక కునుకుచున్నాడని తలంచి, పోయి మొగము కడిగికొని రమ్మంటిమి. కడిగికొని వచ్చెను గాని ఱెప్పలు మరల వాలెను. కిటికీ యొద్ద నిలువబెట్టితిమి. అప్పుడు వాడు మెల్లగా, “సారూ, బోర్డు మీద గీతలు రెండు రెండు కనబడుతున్నయి” అనెను. పిల్లలు నవ్విరి. మేమును నవ్వితిమి. ఈ వ్యాసము వ్రాయుటకు ఆ నవ్వే కారణము.

బాలుని సంగతి తరువాత చెప్పుదుము. ఆ దినమున మేము చదువలేకపోయిన దానిని మన విద్యార్థులును వారి తలిదండ్రులును చదువనేర్చుట ముందు జరుగవలసిన పని. వాలిన ఱెప్ప ఒక యుత్తరము వంటిది. దానిమీది దోషము ఎల్లప్పుడును ఱెప్పలోనే యుండదు. ఒక్కొకప్పుడు ఎక్కడనో దూరమున జరిగిన దానిని అది తెలుపుచుండును. ఏ యూరినుండి వచ్చినదో తెలియవలెనన్న ఆ యుత్తరము వచ్చు దారులు తెలిసియుండవలెను.

అద్దము ముందు నిలిచి ఎవరి కన్ను వారు చూచుకొనుడు. పై ఱెప్ప నల్లగ్రుడ్డు అంచును కొంచెముగా కప్పి నిలిచియుండును. దానిని అట్లు నిలుపుటకు రెండు కండరములు కలవు. పెద్దది మన యిచ్ఛకు లోబడినది. మెదడునుండి బయలుదేరు పండ్రెండు జతల నరములలో మూడవ జత దానికి ఆజ్ఞ నిచ్చును. రెండవది మిక్కిలి చిన్నది. దానిని కనుగొన్న జర్మను శాస్త్రజ్ఞుని పేర మ్యూలరు కండరమందురు. అది మన యిచ్ఛతో పని లేకయే, గుండె కొట్టుకొనునట్లు తనంత తాను పనిచేయుచు, ఱెప్పను రెండు మిల్లీమీటర్లు మాత్రము అదనముగా ఎత్తి పట్టుకొనియుండును. భయము కలిగినప్పుడు కన్నులు విచ్చుకొనుటలో దీని పాలు కలదు. ఇక ఱెప్పను మూయు కండరము వేఱు. అది కంటిచుట్టును వలయమువలె నుండి ఏడవ జత నరము నాజ్ఞకు లోబడును. కావున ఏడవ నరము చెడి మొగము ఒక ప్రక్కకు లాగుకొనిపోయినప్పుడు ఱెప్ప వాలదు; మూతపడదు. 1821లో ఇంగ్లండునందు చార్లెస్ బెల్ ఈ నరము పనిని వివరించెను గనుక అట్టి పక్షవాతమున ఎక్కువగా కనబడు రకమునకు ఆయన పేరే నిలిచినది. కుష్ఠువ్యాధియు ఈ నరమును చెఱచును. మూతపడని కన్ను ఎండిపోయి, నల్లగ్రుడ్డు పుండుపడి, చూపు పోవచ్చును. రాత్రులందు దానిపై మందు వేసి కప్పి యుంచుట చేత చూపు దక్కిన వారనేకులు. అది వేఱొక పాఠము. మనము వాలిన ఱెప్ప యొద్దకే వత్తము.

ఒక ఱెప్ప మాత్రము కొంచెముగా వాలి, ఆ కంటి పాప రెండవదానికన్న చిన్నదై, ఆ ప్రక్క చెంపకు చెమట పట్టకుండెనేని, వైద్యులు దానిని హార్నరు లక్షణసముదాయ మందురు. యోహాన్ ఫ్రీడ్రిక్ హార్నరు స్విట్జర్లండు దేశమున జ్యూరిక్ నగరములో కంటి వైద్యుడు. 1869లో ఆయన యొద్దకు నలువది యేండ్ల రైతు స్త్రీ యొకతె వచ్చెను. ఆమె కుడి ఱెప్ప వాలియుండెను, కుడి పాప చిన్నదై యుండెను. ఆమెను పరీక్షించుచున్నంతలో ముఖము కుడి సగము ఎఱ్ఱబడి వెచ్చనయ్యెను, ఎడమ సగము చల్లగానే యుండెను. నడి ముక్కునుండి గీత గీచినట్లు ఒక్క ముఖమున రెండు ఋతువులు! హార్నరు దీనిని మొదట చూచినవాడు కాడు. 1727లోనే ఫ్రాన్సులో పుర్‌ఫూర్ ద్యు ప్తీ యను వైద్యుడు కుక్కల మెడలోని నరమును కోసి కంటిలోని మార్పును గమనించెను. 1852 ప్రాంతమున క్లోద్ బెర్నార్ మృగములలో దానిని విపులముగా పరిశోధించెను. 1864లో అమెరికా అంతర్యుద్ధమున మెడకు గుండు తగిలిన సైనికునియందు వేయిర్ మిచెల్ మొదలగువారు దీనిని వర్ణించిరి. అయినను పేరు హార్నరుకు దక్కెను. ఫ్రెంచివారు మాత్రము బెర్నార్ పేరును ముందు చేర్చియే పలుకుదురు. శాస్త్రజ్ఞులకును ఇంటి యభిమానము తప్పదు గదా!

ఆ చిన్న మ్యూలరు కండరమునకు ఆజ్ఞ పోవు దారి విచిత్రమైనది. కంటికి మెదడు జానెడు దూరమైనను లేదు. అయినను ఆజ్ఞ సూటిగా పోదు. మెదడు అడుగు భాగమునుండి వెన్నుపాము గుండ క్రిందికి దిగును. (ఈ పాము కరువదు, కరచు పాము సంగతి ముందున్నది.) మెడ దాటి రొమ్ము మొదలుకొను చోట వెలుపలికి వచ్చి, ఊపిరితిత్తి శిఖరము మీదుగా ప్రాకి, మరల మెడలోని కెక్కి, దవడ మూల దగ్గఱ నొక ముడియందు ఆగి, అక్కడినుండి మెదడునకు రక్తము గొనిపోవు పెద్ద ధమని గోడను పట్టుకొని కంటికి చేరును. భద్రాచలమునుండి పొరుగూరికి పోవలసినవాడు ఖమ్మము దిగివచ్చి మరల గోదావరి గట్టుకు పోయినట్లున్నది. దారి యింత పొడవగుట చేతనే ఆ ఱెప్పకు ఇంత తెలిసినది. దారిలో ఎక్కడ దెబ్బ తగిలినను కంటియందు తెలియును.

ఈ దారిలో మన ప్రాంతమువారు ప్రత్యేకముగా తలంపవలసిన మజిలీ ఊపిరితిత్తి శిఖరము. అక్కడ పుట్టు పుట్టకుఱుపు దగ్గును గాని రక్తమును గాని చూపకముందే భుజమునను, చేతి లోప్రక్కను, చిటికెన వ్రేలి వఱకు తెగని నొప్పి పుట్టించి, ఆ ప్రక్క ఱెప్పను వాల్చవచ్చును. ఫిలడెల్ఫియా నగరమున ఎక్స్-రే వైద్యుడైన హెన్రీ పాన్‌కోస్ట్ 1924లోను 1932లోను దీనిని గూర్చి వ్రాసెను. ఊపిరితిత్తి పుట్టకుఱుపులకు పొగాకు మొదటి కారణము. ప్రతి వేసవిని మన యడవులలో తునికాకు కోత సాగును. కట్టలు కట్టి కల్లములలో ఎండబెట్టిన ఆ యాకు దూరదేశముల బీడీలగును. ఆ కోత కూలితో పుస్తకములు కొనుక్కొను పిల్లలు మా తరగతులలోనే యున్నారు గనుక ఆకును నిందింప మాకు నోరు రాదు. అయినను బీడీయు చుట్టయు త్రాగు తాతలు ఇంట నున్నచో, భుజము నొప్పికి పసరు కట్టులతో నెలలు గడపక, ఆయన రెండు కన్నులును ఒక్క తీరుగా నున్నవో లేవో మనుమలు చూడవలెను. చీకటి గదిలో నిలిపి చూచిన పాపలలోని భేదము చక్కగా తెలియును. మంచి పాప విచ్చుకొనును, చెడినది విచ్చుకొనదు.

మెడకు దెబ్బ తగిలియో, ఊరకయో, మెడ నొప్పితోపాటు ఒక్కసారిగా ఱెప్ప వాలినయెడల ఆ పెద్ద ధమని లోపొర చీలియుండవచ్చును. అది గంటలలో పక్షవాతము తేగలదు గనుక ఆలస్యము కూడదు. కష్టకాన్పులో బిడ్డ చేయి లాగబడి నరములు తెగినప్పుడును ఆ ప్రక్క ఱెప్ప వాలుటయు చేయి వ్రేలాడుటయు కలసి కనబడును.

ఇదంతయు ఒక ఱెప్ప సంగతి. మా బాలునికి వాలినవి రెండును. ఒక దారి తెగిన ఒక ప్రక్కనే తెలియును. రెండు ప్రక్కల సమముగా వాలెనన్న దారులు రెండును ఒక్కసారి తెగుట అరుదు గనుక దోషము వేఱొక చోట వెదకవలెను. నరము కొనకును కండరమునకును నడుమ వెంట్రుకకన్న సన్నని సందు గలదు. నరము ఆ సందులోనికి ఎసిటైల్ కోలీన్ అను ద్రవ్యమును విడుచును. కండరముమీది గవాక్షముల వంటి గ్రాహకములు దానిని పట్టుకొనును. అప్పుడు కండరము ముడుచుకొనును. ఆ సందు చెడినచో శరీరమందలి ఇచ్ఛాకండరములన్నియు బలహీనపడును. ముందుగా తెలియునది మాత్రము కంటియందే. మేల్కొని యున్నంతసేపు ఱెప్ప నెత్తు కండరమునకు విరామము లేదు. కన్నులను త్రిప్పు కండరములు అంతకన్న చుఱుకైనవి, వాటి నడుమ రవంత పొత్తు చెడినను ఒకటి రెండుగా కనబడును. మేము నవ్విన మాట ఇదే.

ఆ సందును చెఱచునవి మన యడవి యంచున ముఖ్యముగా రెండు: నాగుపాము, కట్లపాము. నాగుపాము కఱచిన చోట నొప్పియు వాపును ఉండును గనుక కాటు తెలియును. కట్లపాము అట్టిది కాదు. నల్లని నిగనిగలాడు మేనిపై సన్నని తెల్లని కట్లు గలది. పగలు ముడుచుకొని పడియుండి రాత్రి తిరుగును. వానలకు బొఱియలు నిండినప్పుడు ఎలుకల వెంట ఇండ్లలోనికి వచ్చి, నేలపై చాప పఱచుకొని నిద్రించువారి ప్రక్కకు చేరును. దాని కోఱలు చిన్నవి. కాటు చీమ కుట్టినట్లుండును. అనేకులు మేల్కొననే మేల్కొనరు. వాపు లేదు, గాటు కనబడదు. తెల్లవారుజామున కడుపునొప్పి వచ్చును. ఇంటివారు వాము నమలించి పడుకొనబెట్టుదురు. పిమ్మట ఱెప్పలు వాలును, చూపు రెండగును, ముఖము భావము లేక జాఱును, మాట ముద్దయగును, మ్రింగుడు పడదు, మెడ నిలువదు. తుదకు ఊపిరి తీయు కండరములు ఆగును. పైనుండి క్రిందికి దిగు ఈ వరుసలో ఱెప్ప మొదటి మెట్టు. ఊపిరి తుది మెట్టు. నడుమ నుండు కాలము ఒక్కొకరికి ఒక్కొక తీరు, కొన్నిసార్లు కొద్ది గంటలు మాత్రమే.

ఈ విషమునకు లోకమున ప్రసిద్ధమైన పేరు మన తెలుగుమాట యని మీలో నెందఱికి తెలియును? పదునెనిమిదవ శతాబ్దపు చివర పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుడు విశాఖపట్టణమున నుండి, ఈస్టిండియా కంపెనీవారి ప్రకృతిశాస్త్రజ్ఞుడై, కోరమండల తీరపు పాములను సేకరించెను. ఏ పాము విషముగలదో ఏది కాదో తెలియక జనులు చనిపోవుచున్నారని ఆయన వ్యథ. 1796లో వెలువడిన ఆయన గ్రంథమున పటముల క్రింద ఈ తీరపు జనులు చెప్పిన తెలుగు పేర్లనే యుంచెను. అందు పసుపు నలుపు పట్టీలుగల పామునకు ‘బంగారు పాము’ అని పేరు. 1803లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు దోదాఁ ఆ మాటను పట్టుకొని కట్లపాముల జాతి కంతటికి ‘బంగారస్’ అని నామకరణము చేసెను. 1963లో తైవాను దీవియందు చాంగ్, లీ అను ఇరువురు అచటి కట్లపాము విషమును విడదీసి, అందొక భాగమునకు ‘ఆల్ఫా బంగారోటాక్సిన్’ అనియు మఱొకదానికి ‘బీటా బంగారోటాక్సిన్’ అనియు పేరిడిరి. ఆల్ఫా భాగము పైన చెప్పిన గవాక్షములకు గట్టిగా అతుకుకొనును. అతుకుకొనుట చేతనే ఆ గవాక్షములను లెక్కించుటకు శాస్త్రజ్ఞులకది సాధనమయ్యెను.

దానితో తేలిన సంగతి యొకటి చెప్పెదము. మయస్తీనియా గ్రావిస్ అను వ్యాధిలో ఉదయమున తేటగా నున్న ఱెప్పలు సాయంకాలమునకు వాలిపోవును. నమలుచుండగనే దవడ అలసిపోవును. దీని కారణము చిరకాలము ఎవరికిని తెలియలేదు. 1934లో లండనునందలి గ్రీనిచ్ ఆసుపత్రిలో చిన్న యుద్యోగమున నున్న మేరీ వాకర్ అను వైద్యురాలు, ఈ రోగుల వాలకము బాణవిషమైన క్యురారే సోకినవారి వాలకమును పోలియున్నదని తలంచి, దానికి విరుగుడుగా వాడు ఫైసోస్టిగ్మిన్ సూదిని ఇచ్చి చూచెను. కొలది నిమిషములలో ఱెప్పలు లేచెను. మఱుసటి సంవత్సరము నియోస్టిగ్మిన్‌తో నింకను మంచి ఫలము చూపెను. 1973లో బంగారోటాక్సిన్ సాయముననే, ఈ రోగుల కండరములపై గవాక్షములు మిక్కిలి తగ్గియున్నవని అమెరికాలో నిరూపించిరి. విశాఖ తీరపు పాములవాడెవడో పలికిన మాట ఇట్లు లోకమంతయు తిరిగి ఱెప్ప వాలిన వారికి మేలు చేసినది.

నాగుపాము విషము ముఖ్యముగా గవాక్షములనే మూయును గనుక, విరుగుడు మందుతోపాటు నియోస్టిగ్మిన్‌ను ఇచ్చిన అనేకులకు ఱెప్పలు త్వరగా లేచును. కట్లపాములో బీటా భాగము నరము కొనలనే పాడుచేయును. కొనలు మరల మొలచువఱకు ఏ మందును ఱెప్పను ఎత్తజాలదు. పాము విషపు విరుగుడు మందు గుఱ్ఱములకు కొద్దికొద్దిగా విషమెక్కించి వాటి రక్తమునుండి తీసినది. 1895 ప్రాంతమున కాల్మెత్ అను ఫ్రెంచి వైద్యుడు దీనికి మూలము వేసెను. మన దేశపు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్న పింజర యను నాల్గింటికిని పనిచేయును. అది రక్తములో తిరుగు విషమును పట్టుకొనును. నరములోనికి దూరినదానిని పట్టుకొనలేదు. కావున ఒక గంట ముందు ఇచ్చిన సూది వేఱు, ఒక గంట తరువాత ఇచ్చినది వేఱు. ఆలస్యమైనచో ప్రాణము నిలుపునది ఊపిరి యంత్రమే. పిల్లవాడు చిన్నవాడని మందు తగ్గింపరు. పాము కోఱలు వయస్సును చూచి విషము పోయవు గదా.

కాటు పడినదని తెలిసినను, తెల్లవారుజామున కడుపునొప్పితో ఱెప్పలు వాలినను, ఆ మనుష్యుని నడువనీయక పడుకొనబెట్టి, కఱచిన కాలో చేయో తెలిసిన దానికి బద్ద కట్టి కదలకుండ చేసి, 108కు పిలిచియో, దొరకిన బండిలోనో, విరుగుడు మందు గల ఆసుపత్రికి చేర్చవలెను. మ్రింగుడు పడని వానికి నీరుగాని పసరుగాని పోయరాదు. అది ఊపిరిలోనికి పోవును. బిగించి కట్టిన త్రాడు కాలును చంపును, కోసిన గాటు రక్తమును పోగొట్టును. మంత్రము వేయువారిని గూర్చి మేము పరుషముగా వ్రాయము. గూడెములలో రాత్రివేళ తలుపు తట్టిన పలుకువారు వారే. వారిలో నొకరు మాతో చెప్పిన మాట కలదు: “ఱెప్ప వాలినోన్ని నేను ముట్టను, ముందు బండి ఎక్కించమంట.” ఆయనవంటి వారు పదుగురున్న చాలును. 2000 మొదలు 2019 వఱకు మన దేశమున పాముకాటుచే మడిసినవారు సుమారు 12 లక్షలని పరిశోధకులు లెక్కగట్టిరి. అందులో ఎక్కువమంది పల్లెలలో, ఆసుపత్రి చేరకయే పోయినవారు.

ఇక బాలుని కథ. మేము నవ్విన పిమ్మట మఱి ముప్పావుగంట పాఠము జరిగెను. ఈ ముప్పావుగంటను మేము మఱువలేదు. వాని ప్రక్క కూర్చుండు పిల్లవాడు వచ్చి, “సారూ, వాడు పొద్దున్నుంచి కడుపునొప్పి అంటున్నడు, ఉమ్ము కూడ మింగలేకపోతున్నడు” అని చెప్పువఱకు మాకు తోచలేదు. అప్పుడు మొగ మెత్తి చూచితిమి. నవ్వుమన్న పెదవులు కదలలేదు. పళ్లు చూపుమన్న చూపలేకపోయెను. రాత్రి ఎక్కడ పండుకొంటివని యడిగిన నేలవైపు వ్రేలు చూపెను.

ఆటోలో మాతోపాటు వాని మామ యెక్కెను. ఆసుపత్రి చేరునప్పటికి బాలుని మెడ మా భుజముమీద వ్రేలాడుచుండెను. సూదులు పడినవి. అయినను సాయంకాలమునకు ఊపిరి చాలలేదు. గొట్టము వేసి, పెద్ద ఆసుపత్రికి పోవు దారి పొడవునను నర్సొకతె చేతితో గాలితిత్తి నొక్కుచు పోయెను. అక్కడ ఆఱు దినములు యంత్రముమీద నుండెను. రెండవనాడు వాని ఱెప్పలెత్తి చూచిన బంధువొకడు, చూపు నిలువలేదు, ఇక లేడని యేడ్చెను. వాడు నిశ్చలుడై యున్నాడే గాని తెలివి తప్పలేదని వైద్యుడు మాకు నచ్చజెప్పవలసివచ్చెను. అందుచేత మేము ప్రతి దినము పోయి వాని చెవి యొద్ద ఆనాటి పాఠము చదివితిమి. అది వినుచున్నాడో లేదో మాకు తెలియలేదు. ఏడవనాడు ఎడమ ఱెప్ప గోరంత లేచెను.

ఆఱు వారములకు బడికి వచ్చెను. ఆ రోజులలో ఏమి వింటివని మేము అడిగితిమి. “అంత విన్న సారూ. మామ ఏడ్చుడు విన్న. మీరు గోదావరి ఉపనదులు చదివిండ్రు. శబరి పేరు మరిచిపోయిండ్రు” అనెను. నిజమే, మఱచితిమి.

ఇప్పుడు వారి యింట మంచములు రెండు, దోమతెరలు నాలుగు కలవు. తెర అంచును చాప క్రింద దోపి పండుకొన్నచో దోమయు రాదు, కట్లపామును రాదు. నాలుగవ తెర తాతగారిది. ఆయన ఉక్కపోయుచున్నదని నడిరేయి దానిని తీసివేయుచున్నాడని బాలుడు మొన్న మాతో ఫిర్యాదు చేసినాడు.